ఎంగిలి కాదు, టీమ్ బిల్డింగ్

చక్రధర్‌కి కొరియా సంప్రదాయాలన్నీ కంఠతా వచ్చు. కొరియా ఎప్పుడూ చూడలేదు, అది వేరే సంగతి. చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఒక కొరియా కంపెనీలో అతను ఉద్యోగం చేస్తున్నాడు. ఎవరి ముందు ఎంత వంగాలి, విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఎలా అందుకోవాలి, పెద్దవాళ్ళు స్పూను ఎత్తేదాకా మనమెందుకు ఎత్తకూడదు, ఇవన్నీ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి అతనే నేర్పేవాడు. తెనాలిలో సొంత మేనమామ ఇంటికొస్తే మంచం మీంచి కాళ్ళు దించని మనిషి, డైరెక్టర్ యూన్ గారు లిఫ్టు దిగుతుంటే నడుం పట్టేసేంత వంగేవాడు.

మొదట్లో ఇబ్బంది పడలేదని కాదు. మొదటి టీమ్ డిన్నర్‌లో బల్ల మధ్య కుతకుత ఉడుకుతున్న పులుసు గిన్నె ఒకటి పెట్టారు. ఎవరో ఒకరు వడ్డిస్తారని చక్రధర్ ఎదురుచూస్తుంటే, అందరూ నోట్లో పెట్టుకున్న స్పూన్లనే మళ్ళీ అందులో ముంచి తాగుతున్నారు. యూన్ గారైతే తన స్పూనుతోనే ఒక ముక్క తీసి ఆప్యాయంగా ఇతని అన్నం మీద పెట్టారు. చక్రధర్ దాన్ని పక్కకి నెట్టబోయాడు. కానీ పెట్టింది డైరెక్టరు. కళ్ళు మూసుకుని మింగేశాడు. రెండోసారికి కళ్ళు తెరిచే మింగాడు. మూడోసారికి అదేదో పెద్ద సాహసం చేసినట్టు హౌగాంగ్‌లోని తెలుగు స్నేహితులందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాడు.

"అదేంటండీ, నేను రుచి చూసిన గరిటె కూరలో పెట్టానని మొన్న కూరంతా పారబోయించారు గదా," అంది అతని భార్య కాత్యాయని.

"అది ఎంగిలి. ఇది టీమ్ బిల్డింగ్. నీకు అర్థం కాదులే," అన్నాడు చక్రధర్.

ఇలా ఉండగా టీమ్ హెడ్ కుర్చీ ఖాళీ అయింది. దాని మీద చక్రధర్‌కి ఎంత ఆశంటే, ఎక్స్‌పో స్టేషన్లో ట్రైన్ కోసం నిలబడినప్పుడు కూడా ఆ హోదాకి తగ్గట్టు నిలబడడం మొదలుపెట్టాడు. తెనాలిలో తమ్ముడికి అయిపోయినట్టే చెప్పేశాడు. అడ్డం ఒక్కతే ఉంది, భార్గవి.

భార్గవి మలేషియాలో పుట్టిన తెలుగమ్మాయి. ముత్తాతల కాలంలో విశాఖపట్నం వైపునుంచి రబ్బరు తోటల్లో పనికి ఓడెక్కిన కుటుంబం. వాళ్ళ నాయన సీతారాములు జోహార్ నుంచి సరిహద్దు దాటి ఇటు వచ్చి, షిప్‌యార్డులో వెల్డింగు పని చేసి రిటైరయ్యాడు. తండ్రీకూతుళ్ళు వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటారు. ఆమె చేరిన వారంలోనే చక్రధర్ తన సహజమైన కుతూహలంతో విచారణ మొదలుపెట్టాడు.

"మీ ఇంటిపేరేంటమ్మా?"

"ఇంటిపేరు లేదన్నా. నాయన పేరే పెడతాం మేము."

"పోనీ, మీదే ఊరు?"

"వుడ్‌ల్యాండ్స్."

"అది కాదు. అసలు మీరేమిట్లు?"

"తెలుగోళ్ళం లా," అని ఇక్కడి యాసలో చెప్పి నవ్వి, ఆ పిల్ల తన లాప్‌టాప్‌లో మునిగిపోయింది.

ఇంటిపేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, కూలికెళ్ళిన కుటుంబం. చక్రధర్ లెక్కలు వేసి తీర్పు చెప్పేసుకున్నాడు. దాన్ని పైకి అనేంత అనాగరికుడు కాదు. వాళ్ళింటి నుంచి ఆమె తెచ్చిన మురుకులు అందరూ తింటుంటే తనకి షుగరని చెప్పేవాడు, అంతే. మురుకుల్లో షుగరేమిటని ఎవరూ అడగలేదు.

యూన్ గారు సియోల్ వెళ్ళేలోగా టీమ్ హెడ్ ఎవరో తేల్చి వెళ్తారని తెలియగానే, చక్రధర్ ఆయన్ని ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆయన పాతకాలపు మనిషి. మనిషిని ఆఫీసులో కంటే భోజనం దగ్గరే బాగా చూడొచ్చని అంటుంటారు. సంతోషంగా ఒప్పుకుని, వెంటనే ఒక మాట అన్నారు.

"భార్గవి తండ్రి ఈ ఊళ్ళోనే ఉన్నారట గదా. మీ తెలుగువాళ్ళలో పెద్దాయన. ఆయన్ని పిలవకుండా మనం తినడం బాగుండదు. ఇద్దర్నీ పిలవండి."

వాళ్ళని ఇంకోసారి పిలుద్దామన్న మాట చక్రధర్ నోటిదాకా వచ్చింది. అయినా నడుం వంచి, రెండుచేతులూ కట్టుకుని, సరేనన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. డైనింగ్ టేబుల్ పడగ్గదిలోకి వెళ్ళిపోయింది. హాల్లో కింద బొంత పరిచి, మధ్యలో పొట్టి బల్ల వేశాడు. డైరెక్టర్ గారికి కొత్త పింగాణీ పళ్ళెం, పింగాణీ గిన్నెలు, కొరియా షాపులో ఏరి కొన్న చిన్న గాజు గ్లాసు ఒకటి. మిగతా అందరికీ పేపరు ప్లేట్లు, పేపరు కప్పులు.

"మన స్టీలు పళ్ళేలకేమొచ్చిందండీ? పెద్దాయన్ని ఇంటికి పిలిచి పేపరు ప్లేటులో పెడతామా?" అంది కాత్యాయని.

"మనం కూడా పేపరు ప్లేట్లలోనే తింటాం గదా. ఎవరికీ అనుమానం రాదు."

"అనుమానమేంటి?"

చక్రధర్ గొంతు తగ్గించాడు. "వాళ్ళెవరో ఏమిటో. రేప్పొద్దున ఆ పళ్ళేల్లో మళ్ళీ మనమే గదా తినాల్సింది."

కాత్యాయని అతని మొహంలోకి ఒకసారి చూసి గుత్తొంకాయ వైపు తిరిగింది. తమ కూతురు తన్మయి ఆ రోజు స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళడం మంచిదైందని మాత్రం అనుకుంది.

మధ్యాహ్నం ముగ్గురూ ఒకేసారి వచ్చారు. సీతారాములు గళ్ళ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, చేతిలో అరటిపళ్ళతో గుమ్మం దగ్గర మొహమాటంగా నిలబడ్డాడు. యూన్ గారు ఆయన వయసు అడిగారు. తనకన్నా పెద్దని తెలియగానే నడుం వంచి నమస్కరించి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గోడ దగ్గర తనకోసం వేసిన మెత్త మీద కూర్చోబెట్టారు. ఆ మెత్త ముందే పింగాణీ పళ్ళెం ఉంది. చక్రధర్ చటుక్కున వంగి పళ్ళేన్నీ గ్లాసునీ యూన్ గారి వైపు జరిపి, పేపరు ప్లేటుని అటు తోశాడు. చేతివాటం ఎంత బాగుందంటే యూన్ గారు గమనించనేలేదు. భార్గవి గమనించింది.

కూర్చోవడంలో చక్రధర్ ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ఇరుక్కున్నాడు. కుడివైపు డైరెక్టరు, ఎడమవైపు సీతారాములు. ఎదురుగా భార్గవి. కాత్యాయని వడ్డిస్తోంది.

యూన్ గారు తను తెచ్చిన సోజు అనే కొరియా మందు సీసా తీసి, పేపరు కప్పులు చూసి నవ్వారు. "ఇది పిక్నిక్ కాదు. మా రోజుల్లో మంచి గ్లాసు ఒక్కటుంటే చాలు. అదే అందరికీ తిరిగేది. ఇప్పటి పిల్లలు మానేశారు. ఈరోజు పాతపద్ధతిలో తాగుదాం."

ఆ ఒక్క గ్లాసూ నింపి, రెండు చేతులతో సీతారాములుకి అందించారు. సీతారాములు మొహమాటపడుతూనే తీసుకుని ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఇప్పుడు మీ చేత్తో ఇంటి యజమానికి ఇవ్వండి. పెద్దవారి చేతి నుంచి అందుకోవడం గౌరవం," అన్నారు యూన్ గారు.

ఖాళీ గ్లాసు మళ్ళీ నిండింది. సీతారాములు దాన్ని ప్రేమగా చక్రధర్ ముందుకి చాపాడు. "తీసుకో తంబి."

చక్రధర్ రెండు చేతులతో అందుకున్నాడు. గ్లాసు అంచు మీద తడి మరక కనిపిస్తోంది. దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. తాగితే కుర్చీ. తాగకపోతే తెనాలిలో తాత, ముత్తాత, పెద్దమ్మ, పిన్ని అందరూ సంతోషిస్తారు, కుర్చీ మాత్రం పోతుంది. కక్కలేని, మింగలేని ఆ స్థితిలో అతని కొరియా పాండిత్యమే అతన్ని కాపాడింది. పెద్దవాళ్ళ ముందు తాగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి గదా. ఎంత గొప్ప సంప్రదాయం. మొహం తిప్పుకుని ఎవరేం చేస్తున్నారో ఎవరు చూడొచ్చారు?

డైరెక్టరుకి మర్యాదగా మొహం ఎడమవైపుకి తిప్పాడు. గ్లాసు మూతి దాకా తెచ్చి, చెయ్యి అడ్డం పెట్టి, వెనక కిటికీ దగ్గరున్న కరివేపాకు కుండీలో ఒంపేసి, గుటక మింగిన శబ్దం కూడా చేశాడు. ఎడమవైపు కూడా ఒక పెద్దాయన కూర్చున్నాడన్న సంగతి, గుటక శబ్దం పూర్తయ్యాక గుర్తొచ్చింది. సీతారాములు మొహం జానెడు దూరంలో ఉంది.

"మందు పడకపోతే చెప్పొచ్చు గదా తంబి. చెట్టుకెందుకు పోసేది?" అన్నాడు సీతారాములు. ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే పడదనుకున్నాడు.

యూన్ గారు ఏమైందని అడిగారు. భార్గవి ఇంగ్లీషులో చెప్పింది. చక్రధర్ కడుపు పట్టుకున్నాడు.

"కడుపులో మంట సార్. డాక్టరు ఆల్కహాలు ముట్టొద్దన్నాడు. మీరు బాధపడతారని చెప్పలేదు."

"అయ్యో, ముందే చెప్పాలి గదా. నేను మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను," అని యూన్ గారు నొచ్చుకుని, గ్లాసు తీసుకుని తనే నింపుకున్నారు. సగం తాగారు. తాగినవాడికి సరదా పుట్టిందో, మనిషిని ఊరడించాలనిపించిందో, మిగిలిన సగం చక్రధర్ వైపు చాపారు. "పోనీ నాది ఒక్క చుక్క. మర్యాదకి పెదవి తడిపితే చాలు."

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. డైరెక్టరు చెయ్యి చాపగానే చక్రధర్ రెండు చేతులూ వాటంతటవే లేచాయి, నడుం దానంతటదే వంగింది, నోరు దానంతటదే తెరుచుకుంది. గ్లాసు ఖాళీ. అడుగున చుక్క కూడా మిగల్లేదు. తాగి, తృప్తిగా, "థాంక్యూ సార్," అన్నాడు కూడా.

కాత్యాయని చేతిలో పప్పు గరిటె అలాగే ఆగిపోయింది.

యూన్ గారు నవ్వబోయి, ఆగారు. "డాక్టరు?"

"ఇది... కొంచెమే కదా సార్."

"ఇందాకటిది మా నాయన తాగిన గ్లాసు సార్," అంది భార్గవి ఇంగ్లీషులో, మీటింగులో ఏదో వివరం చెప్తున్నంత మామూలుగా. "ఇప్పుడిది మీరు తాగిన గ్లాసు. అంతే తేడా."

యూన్ గారికి వెంటనే బోధపడలేదు. గ్లాసు వంక చూశారు, చెట్టు వంక చూశారు. తర్వాత తన ముందున్న పింగాణీ పళ్ళేన్నీ, సీతారాములు ముందున్న పేపరు ప్లేటునీ చూశారు. ఇంతసేపూ చూడనిదంతా ఇప్పుడొకేసారి చూసినట్టు ఆయన మొహం ఎర్రబడింది. మోకాళ్ళ మీదకి లేచి, రెండు చేతులూ నేలకి ఆనించి, సీతారాములు ముందు నుదురు దాదాపు నేలకి తాకేలా వంగారు.

"మా మనిషి తప్పు చేశాడు. బాధ్యత నాది. క్షమించండి."

అక్కడున్నవాళ్ళలో సిగ్గుపడాల్సినవాడు ఒక్కడే. పడనివాడూ వాడొక్కడే. అంత అవమానంలోనూ చక్రధర్ చెవికి ఆ ఒక్క ముక్కే తియ్యగా వినిపించింది. మా మనిషి అన్నాడంటే కుర్చీ ఇంకా చేజారలేదన్నమాట.

సీతారాములు కంగారుగా ఆయన భుజాలు పట్టి లేపాడు. లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, చక్రధర్ వంక చూశాడు.

"మా తాత దీన్ని పడలేకనే ఓడ ఎక్కినాడంట. నువ్వు భద్రంగా ఫ్లైట్లో తెచ్చుకున్నావు తంబి."

కాత్యాయని ముందుకొచ్చి, "తప్పు మాది బాబాయ్‌గారూ," అని ఇంకేదో అనబోయి, ఏడుపొచ్చి ఆగిపోయింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, కూతురితో కలిసి బయటికి నడిచాడు.

యూన్ గారు వెనకే బయల్దేరారు. బూట్లు తొడుక్కుంటూ, కోపం లేకుండా, ఆఫీసు విషయం మాట్లాడినట్టే మాట్లాడారు. "టీమ్ హెడ్ అంటే మన కంపెనీలో పని ఒక్కటే కాదు, చక్రధర్. టీములో ఎవరింట్లో చావు జరిగినా ముందు వెళ్ళి, ఆ ఇంట్లో కూర్చుని, వాళ్ళు పెట్టింది తిని, వాళ్ళు పోసింది తాగాలి. మీకు కొన్ని ఇళ్ళలో కుదరదు. భార్గవికి అన్ని ఇళ్ళలో కుదురుతుంది."

చక్రధర్ లిఫ్టు దాకా వెళ్ళి, తలుపులు మూసుకునేదాకా వంగే ఉన్నాడు. తిరిగొచ్చి సోఫాలో కూలబడ్డాడు. కాత్యాయని ఎవరూ ముట్టని గుత్తొంకాయని గిన్నెలోకి తిరిగి తోడుతోంది.

చక్రధర్ నిట్టూర్చాడు.

"ఎవరు ఏ గ్లాసులో తాగారన్నదాని మీద మనిషి భవిష్యత్తు తేల్చేస్తారా? ఇంత చదువుకుని ఏం లాభం? ఇంతింత పట్టింపులున్న మనుషులతో వేగడం కష్టం కాత్యా."

"అవునండీ, కష్టమే," అంది కాత్యాయని, అతని వంక చూస్తూ.