దారిలో ఉన్న బండి

సాలూరులో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గౌరి ఫోనుకు ఒక సందేశం వచ్చేది: ‘ఎర్రన్న గారి బండి సుంకి దాటినది. సాయంకాలానికి సాలూరు చేరును.’

ఎర్రన్న ఆమె భర్త, లారీ డ్రైవరు. ఆ బండి సుంకి–సాలూరు కొండదారి ఘాటీలో లోయపాలై, అతడు పోయి ఏడాది దాటింది. కర్మకాండ యథావిధిగా జరిగింది, పితృదేవతలలో అతనికి చోటు దక్కింది. అయినా సందేశం రాగానే గౌరి చెంబుతో నీళ్ళు తీసుకొని రోడ్డు మలుపుకు వెళ్ళేది. ఘాటీ దిగి వచ్చిన బండి ముందు చక్రం మీద నీళ్ళు పోస్తేనే గాని మగవాణ్ణి ఇంట్లోకి రానివ్వకపోవడం ఆ వీధి డ్రైవర్ల ఇళ్ళలో ఆచారం.

“ఒసే గౌరీ, ఆడికి నీళ్ళొదిలేసినాం కదే. మళ్ళీ ఎవులికి అట్టుకెల్తన్నావు?” అంది అత్త కూర్మమ్మ.

“మెసేజొచ్చినాది అత్తా.”

“సచ్చినోడు మెసేజీలెడతాడేటే?”

“ఆడెట్టనేదు. ఆఫీసోలెట్టినారు.”

ఒకనాడు ఎర్రన్న పనిచేసిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటరు బాగుచేయడానికి విజయనగరం నుంచి త్రినాథ్ అనే కుర్రవాడు వచ్చాడని విని, గౌరి వెళ్ళి అతని ఎదుట కూర్చుంది.

“ఆ మెసేజీలు పంపే ప్రోగ్రాం కంప్యూటర్లో కంటైనర్ అనే ఒక డబ్బాలాంటి దాంట్లో నడుస్తాదమ్మా,” అని అతడు ఓపికగా చెప్పాడు. “కరెంటు పోతే అది పోతాది. కరెంటు రాగానే పాత అచ్చులోంచి కొత్తది పుడతాది. అచ్చు తీసిన రోజున దారిలో ఉన్న బండ్లే అందులో ఉండిపోయినాయి. ఆ రోజు మీ ఆయన దారిలో ఉన్నాడు.”

దేహం రాలిపోయినా కర్మ జీవుని వెంట వస్తుందని శాస్త్రం. ఆ యంత్రానికి అటువంటి ఏర్పాటు ఎవరూ చేయలేదు. ఆనాటి తక్కిన డ్రైవర్ల ఇళ్ళకు కూడా అవే సందేశాలు వెళ్ళేవి. ఎదురుగా మొగుడు అన్నం తింటూ ఉండగా అక్కడి ఆడవాళ్ళు చదివి నవ్వుకునేవారు.

“వివరాలన్నీ కంటైనర్‌కి బయట, డిస్కు మీద వేరే చోట ఉంచితే ఇక పోవు, పాత మెసేజీలూ రావు. ఇయ్యాళ ఆ పనే చేస్తన్నాను.”

“సెయ్యకు బాబూ,” అంది గౌరి. “ఆ మెసేజి ఆగిపోతే నాకింకేటి ఉన్నాది?”

త్రినాథ్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. ఇంతలో కొండల మీది వాన ఊరిలోకి దిగింది. కరెంటు పోయి, వచ్చింది. గౌరి ఫోను మోగింది. ఆమె లేచి నిలుచుంది.

అప్పుడే డ్రైవరు బెన్హర్ భార్య అన్నమ్మ తడిసిన గొడుగుతో లోపలికి వచ్చింది. “తమ్ముడూ, మా ఆయన బండెక్కడున్నాదో సూడు. పొద్దున్న పొట్టంగి దాటిందన్నారు. ఫోన్ తగల్డం నేదు. ఘాటీలో బండలు జారతన్నాయంట.”

త్రినాథ్ జాబితాను పైనుంచి కిందికి వెతికాడు. “కరెంటుతో పాటు పొద్దున్న రాసింది పోయిందక్కా,” అన్నాడు మెల్లగా.

గౌరి వంగి చూసింది. ఆ తెర మీద చనిపోయినవాడు దారిలో ఉన్నాడు. బతికున్నవాడు ఎక్కడా లేడు. అన్నమ్మ గొడుగు మడవడం మరచి నిలబడింది.

గౌరి త్రినాథ్ వైపు తిరిగి అంది: “ఆ డిస్కేదో తగిలించీ బాబూ.”

“మరి మీ ఆయన పేరు ఏం చెయ్యమంటారమ్మా? చేరినట్టు రాస్తే మళ్ళీ రాదు.”

“సేరనేదు గదా. పేరు తీసీ.”

ఆఫీసు గుమాస్తా సుంకిలోని హోటలుకు ఫోను చేశాడు. బెన్హర్ బండి ఆ వాకిట్లోనే నిలిచి ఉన్నదట. త్రినాథ్ డిస్కు తగిలించి, ఎర్రన్న పేరు తీసేసి, ఆ మాట ఎక్కించి, పరీక్షకని ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు. తెర వెలిగింది: ‘బెన్హర్ గారి బండి సుంకిలో ఆగి ఉన్నది.’ అన్నమ్మ కళ్ళు మూసుకొని ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది.

గౌరి అరచేతిలోని ఫోను మోగలేదు.

“ఇంకోసారి ప్లగ్గు తియ్యి బాబూ.”

త్రినాథ్ ప్లగ్గు పీకాడు, పెట్టాడు. జాబితా చెక్కుచెదరలేదు. ఫోను పలకలేదు. వాన హోరులో ఎక్కడో ఒక లారీ గేరు మార్చిన చప్పుడు వినిపించి గౌరి తల తిప్పబోయి ఆగింది.

మూడోసారి తియ్యమని ఆమె అడగలేదు.