మోదుగాకుల బొమ్మ

తడిగుడ్డను బకెట్లో ముంచి పిండి, అనసూర్య మళ్లీ అదే చోట తుడిచింది. కాలేజీ వరండాలో ఆ మూల అప్పటికే రెండుసార్లు తుడిచింది. పక్కనే తరగతి తలుపు ఉంది.

"ఏందే, గచ్చు అరగదీస్తవా? పరీక్ష గిట్ల రాస్తానవా?" అంది చీపురు పట్టుకుని పోతున్న బక్కమ్మ.

"ఊకో అక్కా. జర విననియ్యి."

లోపల చంద్రమౌళి సారు చెప్తున్నాడు. ఈ శతాబ్దం మొదట్లో కొందరు తత్వవేత్తలు కొత్త వాస్తవవాదం ఒకటి మొదలుపెట్టారట. మనకు తోచినదాని గురించే మాట్లాడగలం, మనల్ని వదిలేస్తే లోకం ఎలా ఉంటుందో చెప్పలేం అని అంతకుముందు చాలామంది అనుకున్నారట. వీళ్లు కాదన్నారు. ఎవరూ చూడకపోయినా వస్తువు ఉంటుంది. ఎంత చూసినా అందులో మనకు అందనిది కొంత మిగిలే ఉంటుంది.

అనసూర్య చేయి ఆగింది. ఫినాయిలు నీళ్లకు ఆమె వేళ్ల చివర్లు పగిలి, తెల్లగా పొలుసులు లేచాయి.

భర్త ఓంకార్ మరమగ్గాల పనికి భివండి పోయాడు. రెండేళ్లు ఫోన్లు చేశాడు. తర్వాత పన్నెండేళ్లుగా కబురు లేదు. రేపు అమావాస్య. పన్నెండేళ్లు కబురు లేనివాడు పోయినట్టే లెక్కని, మోదుగాకులతో మనిషి బొమ్మ చేసి, ఓంకార్ అనుకుని కాల్చేద్దామన్నారు ఇంటి పెద్దలు. ఇక ఆమె సరేననాలి. అలా అంటే తన నోటితోనే అతన్ని చంపినట్టవుతుందేమోనని నాలుగు రోజులుగా ఆమె ఆ మాట దాటవేస్తోంది.

గంట మోగింది. పిల్లలు తడి గచ్చు మీద జారుతూ, నవ్వుతూ వెళ్లిపోయారు. సారు ఆఖరున వచ్చాడు. ఇన్నేళ్లలో ఆమె ఆయనతో నమస్తే తప్ప మరో మాట అనలేదు.

"సారూ, మనిషి గూడ గంతేనా? ఎవ్వలు సూడకున్నా ఉంటడా?"

"ఉంటడమ్మా."

ఆయన ఆమె ముఖం చూశాడు. "కని మనం తలుసుకున్నందుకు ఉండడు. మర్చిపోయినందుకు పోడు. మన చేతుల లేదది."

హసన్‌పర్తి కాలేజీ నుంచి ఇంటికి వచ్చే బస్సులో ఆమె నిలబడే ఉంది. ముందున్న మగవాళ్ల మెడలు ఒక్కొక్కటే చూసింది. ఓంకార్ మెడ వెనక పెసరగింజంత పుట్టుమచ్చ ఉండేది. ఏ బస్సెక్కినా ఆమె చూపు అక్కడికే పోతుంది.

ఇంటి ముందు కుర్చీలో బావ కుమారస్వామి కూర్చుని ఉన్నాడు.

"పంతులు పొద్దుగాలనే వస్తనన్నడు. బొమ్మకు తొడగ తమ్ముని అంగి ఒక్కటి కావాలె. ఏమంటవు, అనసూర్యా?"

ఆమె లోపలికి వెళ్లి పెట్టె తెరిచింది. నీలం అంగిని ముఖానికి అదుముకుంది. అందులో ఇప్పుడు కలరా ఉండల వాసన తప్ప ఏమీ లేదు. మడత పెట్టి తెచ్చి ఇచ్చింది.

"కాలవెట్టున్రి బావా. మీరు కాలవెట్టినందుకు ఉన్నోడు సావడు. నేను ఎదురుసూసినందుకు పోయినోడు రాడు. కని నా గాజులు మాత్రం ముట్టకున్రి."

"లోకం ఏమంటది?"

"ఆయన పోంగ లోకం సూసిందా?"

కుమారస్వామి కుర్చీలోంచి లేచాడు. అంగిని చంకలో పెట్టుకుని గడప దాటాడు. అతను గల్లీ మలుపు తిరిగేదాకా, ఆ నీలం రంగు కనబడినంతసేపూ చూసి, అనసూర్య పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్లింది. కింద పడినదాన్ని ఆమె చూడలేదు. గడప పక్కన అంగి నుంచి ఊడిన తెల్ల గుండీ ఒకటి ఉంది. తెల్లదారం దొరక్క ఆమె ఒకనాడు కుట్టిన ఎర్రదారం దాని కన్నాల్లో ఇంకా ఉంది.