ముప్పై చుక్కల నేరం

నేను ఒక ద్రావకాన్ని. గోధుమరంగు గాజుసీసాలో ఉంటాను. డీఎంఎస్ఓ అంటారు. నోరు తిరగని పూర్తి పేరు కూడా ఒకటుంది గానీ, పరీక్షల ముందు రోజు తప్ప దాన్ని ఎవరూ పలకరు.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. కాగితం మిల్లులో కలప ఉడికేటప్పుడు ఒక కంపు వస్తుంది చూశారూ, మా వంశం అక్కడ మొదలైంది. ఆ కంపును పట్టి, శుద్ధి చేసి, తేటనీళ్లలా మార్చి సీసాలో పోశారు. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా. చర్మం మీద పడ్డానంటే గబగబా లోపలికి దిగిపోయి, కాసేపటికి నోట్లో వెల్లుల్లి రుచి పుట్టిస్తాను.

హైదరాబాదులో ఒక క్యాన్సర్ పరిశోధనశాలకు చేరిన మొదటి వారంలోనే ఈ గుణం నా కొంప ముంచబోయింది. ఆ ల్యాబుకు పెద్ద డాక్టర్ ఆండాళు గారు. ఉల్లిని, వెల్లుల్లిని గడప తొక్కనివ్వని ఇంటి మనిషి. పిల్లలకు ఏదో చూపించబోతూ గ్లవ్స్ లేకుండా నన్ను చేతిమీద ఒలకబోసుకున్నారు. పావుగంట తర్వాత ఆవిడ ముఖం చూడాలి!

"రజితా, క్యాంటీన్ వాళ్లు పెరుగన్నంలో ఏం కలిపి చచ్చారే?"

"క్యాంటీన్ కాదు మేడమ్, ఈ సీసా. గ్లవ్స్ లేకుంట ముట్టొద్దని గోడకు మీరే రాసి పెట్టిండ్రు."

ఈ రజితే నా యజమానురాలు. సిద్దిపేట పిల్ల, పీహెచ్‌డీలో నాలుగో ఏడు. ఓపిక మెండు, నోరు అంతకంటే మెండు.

ఇక అసలు సంగతి. కణంలో కైనేజ్‌లని కొందరు గుమస్తాలుంటారు. ఫాస్ఫేట్ అనే ముద్ర కొట్టడం వాళ్ల ఉద్యోగం. ముద్ర పడితే 'పెరుగు' అని కణానికి ఉత్తర్వు అందినట్టు. మంచి కణంలో వీళ్లు అవసరమైనప్పుడే కొడతారు. క్యాన్సర్ కణంలో మాత్రం ఒక గుమస్తాకు పిచ్చి ముదిరి, ఎవరు అడిగినా అడక్కపోయినా టపటపా కొట్టేస్తూనే ఉంటాడు. అప్పుడు రసాయన శాస్త్రవేత్తలు ఒక బుల్లి అణువును తయారుచేసి పంపుతారు. అది తిన్నగా వెళ్లి వాడి సిరాపెట్టెలో బైఠాయిస్తుంది. సిరా అందక ముద్ర ఆగిపోతుంది. ఇలాంటి అణువునే కైనేజ్ ఇన్హిబిటర్ అంటారు. మా ల్యాబుకు వచ్చిన దాన్ని అందరూ 'పదిహేడు' అని పిలిచేవారు. పక్క ల్యాబ్ వాళ్లు చేసిన వాటిలో అది పదిహేడోది మరి.

ఇంత గొప్ప పదిహేడూ నీళ్లలో కరగదు. నాలో కరుగుతుంది. అంచేత దాన్ని కణాల గుమ్మందాకా మోసుకెళ్లే వాహనాన్ని నేనే. ఊరేగింపుల్లో చూస్తారుగా, హారతి దేవుడికి, బరువు వాహనానికి. పైగా నా మీద అనుమానం కూడా. మోసినవాడి వల్లే ఏమైనా జరిగిందేమోనని, మందు కలపకుండా ఉత్తి నన్నే కొన్ని కణాలకు వేసి చూస్తారు. దాన్ని కంట్రోల్ అంటారు. అక్కడ కణాలు హాయిగా బతికితేనే, పక్కన చచ్చినవి మందు వల్ల చచ్చాయని నమ్ముతారు.

కణాలు పెంచే ప్లేటులో వరసగా చిన్న చిన్న గుంటలుంటాయి. రజిత మొదటి గుంటలో పదిహేడుతో పాటు నన్ను ఒక చుక్క వేసింది. మోతాదు పెంచుతూ తర్వాత గుంటలో మూడు, ఆపైన పది, ఆఖరి గుంటలో ముప్పై. చుక్క అంటున్నానే గానీ చీమ గొంతు కూడా తడవదు. కంట్రోల్ గుంటలో మాత్రం ఒకే ఒక్క చుక్క వేసి మూత పెట్టేసింది. మూడు రోజుల తర్వాత చూస్తే ముప్పై చుక్కల గుంటలో కణాలన్నీ చచ్చి తేలాయి.

ల్యాబంతా సంబరం. ఉస్మానియా బిస్కెట్లు, చాయ్. 'పదిహేడు క్యాన్సర్ కణాలను చంపుతుంది' అని మేడమ్ పరిశోధన పత్రానికి శీర్షిక కూడా పెట్టేశారు. రజిత డాక్టరేటు ఆ పత్రం మీదే ఆధారపడి ఉంది. అది అచ్చయితే పదిహేడును ఎలుకలకు ఇస్తారు, అన్నీ కలిసొస్తే ఏనాటికో రోగులకు ఇస్తారు.

నేను సీసాలో కుమిలిపోయాను. ఆ హత్యలు చేసింది పదిహేడు కాదు, నేను. ఒక చుక్కగా వెళితే నా అంత సాధువు లేడు. ముప్పై చుక్కలుగా మీద పడితే కణం పొరను ఛిద్రం చేసేస్తాను. చెబుదామంటే నోరు లేదు. నిజం ఒప్పుకోవాలంటే కాస్త కోపం కూడా వచ్చింది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, చంపింది నేనైతే పేరు దానికా?

పత్రం పంపడానికి వారం ఉందనగా రజిత ఒక చివరి పరీక్ష చేసింది. ఆ పిచ్చి గుమస్తాను జన్యువుతో సహా పీకేసిన కణాలను తెప్పించింది. గుమస్తాయే లేని ఆఫీసులో పదిహేడుకు పనేముంది? ఈ కణాలు బతకాలి. బతకలేదు. ముప్పై చుక్కల గుంటలో ఇవీ చచ్చాయి.

"మేడమ్, కైనేజే లేదు గదా. మరి దేన్ని ఆపితే చచ్చినయ్?"

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కైనేజ్‌లు ఐదొందల పైచిలుకు ఉన్నాయమ్మా. ఇది ఇంకోదాని మీద కూర్చుని ఉంటుంది. ఆ సంగతి ఒక వాక్యంలో రాసి పంపేద్దాం."

"నిజమైతే రాద్దాం మేడమ్."

ఆవిడ చెప్పింది జరగని పనేం కాదు. ఇలాంటి మందులు పొరుగు కైనేజ్‌ల మీద కూర్చోవడం మామూలే. అయితే మనుషులకు నిజంలాంటి మాట ఒకటి దొరికితే చాలు, నిజం కోసం వెతకడం మానేస్తారు. రజిత మానలేదు. నోటుబుక్కు తెరిచి చుక్కల లెక్క మీద వేలు జరుపుకుంటూ వచ్చింది. ముప్పై దగ్గర వేలు ఆగింది. కంట్రోల్ దగ్గరకు వెళ్లింది. మళ్లీ ముప్పై దగ్గరకు వచ్చింది. తర్వాత నా సీసా వైపు ఒక చూపు చూసింది. దొంగ దొరికాడన్న చూపు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఈసారి పదిహేడును ఫ్రీజర్‌లోంచి తీయనే లేదు. ఉత్తి నన్నే ముప్పై చుక్కలు వేసింది. మూడు రోజులకు గుంట నిండా శవాలే.

"తప్పు నాదే మేడమ్," అంటూ రజిత ఏడ్చేసింది. "డీఎంఎస్ఓ అన్నిట్ల సమానంగ వెయ్యాలె. నేను వెయ్యలే."

మేడమ్ పత్రం కాగితాలను ఒకసారి దొంతి పెట్టి, మళ్లీ చెదరగొట్టారు. ఆవిడకూ ఆశ ఉంటుంది కదా.

"నీ నోటుబుక్కులో ప్రతి పేజీ కింద సంతకం ఎవరిదే?"

"మీదే మేడమ్."

"చూసే పెట్టాను. తప్పులో సగం నాది. ఏడుపు ఆపి మళ్లీ మొదలుపెట్టు. పత్రం ఆగితే ఆగుతుంది."

నాలుగు నెలలు పట్టింది. పదిహేడును ముందే పలచగా, చిక్కగా నాలో కలిపి పెట్టుకుంది రజిత. మోతాదు ఏదైనా, ఏ గుంటకైనా నేను ఒక్క చుక్కే. ఆఖరి ప్లేటు చూసి కుర్చీలో కూలబడింది.

"ఒక్కటి గూడ సావలే మేడమ్."

మేడమ్ మైక్రోస్కోప్ దగ్గర వంగారు. "మొదటిరోజు ఎన్ని కణాలు వేశావు?"

"ఐదు వేలు."

"ఇప్పుడెన్ని ఉన్నాయి?"

"కంట్రోల్‌ల నలభై వేలైనయ్. పదిహేడు ఉన్నకాడ ఐదు వేల చిల్లర..." రజిత మాట మధ్యలో ఆగిపోయింది.

"గుమస్తా లేనివాటిలో?"

"అవి పదిహేడు వేసినా పెరుగుతనే ఉన్నయ్ మేడమ్."

"ఆపింది కదే పిచ్చిదానా! ఆపమనే కదా దీన్ని చేసింది. చంపాలని పట్టుబట్టింది మనం."

రజిత ఏడ్చింది, నవ్వింది, మేడమ్ ముక్కు ఎగబీల్చారు. శీర్షికలో 'చంపుతుంది' కొట్టేసి 'పెరగనివ్వదు' అని దిద్దారు. ఆ ఒక్క మాట దిద్దేసరికి నా సీసా ఖాళీ అయింది.

ఇప్పుడు స్టోరు గదిలో వ్యర్థ ద్రావకాల డబ్బాలో ఉన్నాను. అడుగున మిగిలిన నాలుగు చుక్కలనూ ఇందులో పోశారు. పక్కన మెథనాల్, అసిటోన్ ఎంత పని చేశామో చెప్పుకుంటుంటాయి. నేను మాత్రం నా మీద హత్యానేరం రుజువైన కథే చెబుతాను, ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. నిన్న తలుపు అవతల ఎవరో "డాక్టర్ రజితా" అని పిలిచారు. నన్ను పట్టించిన పిల్ల "ఆ, వస్తున్న" అంటూ పరుగెత్తింది.