మాష్ గొంతుకి అనుమతి లేదు

దుర్గాష్టమి సాయంత్రం కేరళలోని చెర్పుళశ్శేరిలో అక్షరమనేది కంటికి కనపడకుండా పోతుంది. పుస్తకాలు, పెన్నులు, దర్జీ కత్తెరలు, తాపీలు అన్నీ పట్టుగుడ్డ మీదికెక్కి సరస్వతి పటం ముందు కూర్చుంటాయి. విజయదశమి పొద్దున పూజ తీసేదాకా ఎవరూ చదవకూడదు, రాయకూడదు. చదువంటే ఒళ్ళు బరువైన పిల్లలకి ఇంతకంటే దివ్యమైన పండగ ఇంకోటి లేదు. బడి పంతుల్ని అక్కడ మాష్ అంటారు; అచ్యుతన్ మాష్ ఇంట్లో మాత్రం ఆ ఏడు పూజలో పెట్టింది ఆయన గొంతుని.

గొంతంటే ల్యాప్‌టాప్. పాడు నరాల జబ్బు రెండేళ్ళలో ఆయన చేతుల్ని, కాళ్ళని, చివరికి నాలుకని తీసుకుపోయింది. కళ్ళు మిగిలాయి. తెర కింద బిగించిన చిన్న కెమెరా ఆయన చూపు ఏ అక్షరం మీద ఆగిందో పసిగట్టేది. అక్షరాలు కూడి మాటయ్యేవి, ఆ మాట పైకి వినపడేది. వినపడేది కూడా ఎవరి గొంతో కాదు, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో మలయాళం చెప్పిన మాష్ సొంత గొంతే. కాస్త ముక్కుతో పలికేది, వాక్యం చివర కొంచెం సాగేది. నాలుక పడిపోకముందే ఆయన పాత శిష్యుడు సజీవన్ ఎదురుగా కూర్చుని మూడు వేల వాక్యాలు చదివించి రికార్డు చేసుకున్నాడు. ఆ వాక్యాల ముక్కలతో కొత్త మాటలు పలికించే ప్రోగ్రాం ఒకటి తనే రాశాడు.

సజీవన్ స్కూల్లో కంప్యూటర్లు నేర్పే మాస్టారు. ఎవరైనా విప్పి చూసుకుని, మార్చుకుని, నలుగురికీ పంచుకోగల ఆపరేటింగ్ సిస్టమ్‌లంటే అతనికి ప్రాణం. ల్యాప్‌టాప్ కొన్న వారంలోనే, తయారుచేసిన కంపెనీ పెట్టిన సిస్టమ్ తీసేసి అలాంటిదొకటి ఎక్కిస్తానని వచ్చాడు. మాష్ భార్య విలాసిని అడ్డుపడింది. అలా చేస్తే గ్యారంటీ పోతుందని కాగితంలో రాసి ఉంది, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివింది.

"వస్తువు మీదే చేచీ, కాదనను," అన్నాడు సజీవన్. "ఇందులో ఏది నడవాలో, ఏది నడవకూడదో చెప్పే పెత్తనం మాత్రం వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు. రేపు నా ప్రోగ్రాం వద్దంటే ఏం చేస్తారు?"

"ఎందుకంటారయ్యా? మంచాన పడ్డ మనిషి మాట్లాడితే వాళ్ళకేం నొప్పి? పక్కింటి నారాయణికుట్టి ఫోన్లో ఎవడో ఏదో ఎక్కించి బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. కాపలా అంటూ ఒకడు ఉండొద్దూ?"

మంచం మీంచి మాష్ గొంతు తాపీగా పలికింది. "నా గొంతుకి కూడా గ్యారంటీ కార్డు ఉందా, విలాసినీ?"

ముగ్గురిలో ఇద్దరు నవ్వారు. మూడో మనిషి కళ్ళతో నవ్వారు. తర్వాత ఆయనే భార్య పక్షం చేరిపోయారు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడతో వాదించి గెలిచిందెప్పుడని. సిస్టమ్ అలాగే ఉండిపోయింది. వెళ్తూ వెళ్తూ సజీవన్ మాష్ చెవిలో ఒక మాట వేసి వెళ్ళాడు. కొత్త సిస్టమ్ వేసుకోమని అప్పుడప్పుడూ తెర మీద ఒక చీటీ వస్తుంది, ప్రతిసారీ 'తర్వాత' అని నొక్కెయ్యాలి, మరిచిపోకూడదు. ఆయన మరిచిపోలేదు. చీటీ వచ్చిన ప్రతిసారీ కళ్ళతోనే తోసేసేవారు. ఆ సంగతి విలాసినికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

విజయదశమినాడు ఊళ్ళో పసివాళ్ళకి అక్షరాభ్యాసం చేయించడం మాష్ పని. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని పళ్ళెంలో బియ్యం మీద తొలి అక్షరాలు 'హరిశ్రీ' రాయిస్తూ పైకి పలికేవారు. పిల్ల వెంట పలకాలి. అలా ఇరవై ఏళ్ళు చేశారు, నాలుక పోయాక ఆపేశారు. ఈ ఏడు ఒక్కరికి మాత్రం చేస్తానన్నారు. కూతురు ప్రసీద బిడ్డకి మూడేళ్ళు నిండాయి. పేరు పారు. వచ్చే దసరా మాట ఎత్తితే డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. అందుకని చేస్తే ఈ దశమికే చెయ్యాలి.

యంత్రాన్ని పూజలో పెట్టమన్నది కూడా మాషే. "ఊరి పిల్లలందరి చేతా పుస్తకాలు మూయించి నేనొక్కణ్ణీ అక్షరాలతో ఆడుకోనా?" అన్నారు. కరెంటు పోయినప్పుడు వాడే అక్షరాల అట్ట ఒకటుంది. విలాసిని ఒక్కో అక్షరం మీద వేలు పెడుతుంటే కావలసిన దాని దగ్గర ఆయన కళ్ళు మూసేవారు. అదీ అక్షరాలేగా, దాన్నీ పట్టుగుడ్డ మీద పెట్టించారు. ఒక పగలు, రెండు రాత్రులు మౌనం. దశమి పొద్దున నోరు తెరిస్తే మొదటి మాట 'హరిశ్రీ' అవ్వాలని ఆయన కోరిక. మంచం మీంచి పూజ కనపడేలా ల్యాప్‌టాప్ తెర ఇటు తిప్పి, పొద్దున్నకి నిండుగా ఉండాలని చార్జింగ్ కూడా పెట్టింది విలాసిని.

నవమి మధ్యాహ్నం యంత్రం టింగుమంది. తెర వెలిగింది. ప్రసీద వెళ్ళి చూసింది. కొత్త సిస్టమ్ వచ్చిందట, ఇక వాయిదాలు అయిపోయాయట, నాలుగు గంటల్లో దానంతటదే వేసుకుంటుందట, ఇంకొక్కరోజు ఆపాలంటే ఇక్కడ నొక్కాలట. ప్రసీద వేలు చాచింది.

"పూజలో ఉన్నదాన్ని ముట్టుకుంటావా? తియ్యి చెయ్యి," అంది విలాసిని. "నా ఫోనూ వారానికోసారి ఇలాగే నస పెడుతుంది. వేసుకుంటే వేసుకోనీ."

మంచం దగ్గర్నుంచి మాష్ చూపు ఆ కెమెరాకి అందదు. అప్పటి నుంచి ఆయన కళ్ళు ఒక చోట నిలవలేదు. తెర మీదికి, భార్య మీదికి, మళ్ళీ తెర మీదికి తిరుగుతూనే ఉన్నాయి. నీళ్ళు కావాలా అని అడిగింది విలాసిని. అవునంటే కళ్ళు మూస్తారు. మూయలేదు. గంజి పట్టనా, పక్కకి తిప్పనా, దోమేమైనా కుట్టిందా, ఫ్యాను తగ్గించనా అని వరసగా అడిగింది. కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి, నీళ్ళు కారాయి. సరస్వతిని చూసి కదిలిపోయారనుకుని విలాసిని చేతులు జోడించింది. కాసేపటికి కళ్ళు మండుతున్నాయేమోనని చుక్కల మందు వేసింది. ఆ మందు మసకలోంచే ఆయన చూస్తూ ఉన్నారు. సాయంత్రం ఐదవుతుండగా తెర నల్లబడింది, తెల్లటి చక్రమొకటి చాలాసేపు తిరిగింది, కొత్త రంగులతో మళ్ళీ వెలిగింది. మాష్ కళ్ళు మూసుకున్నారు. హమ్మయ్య, నిద్రపట్టింది అనుకుంది విలాసిని.

దశమి పొద్దున పూజ తీశారు. మాష్‌కి ఒళ్ళు తుడిచి కొత్త ముండు పంచె కట్టి, దిళ్ళు ఎత్తిపెట్టి కూర్చోబెట్టారు. పళ్ళెంలో బియ్యం పోశారు. పారు పట్టుపరికిణీ కట్టుకుని, ముత్తశ్శన్, అంటే తాతయ్య, ఏమంటే అది అనాలని అమ్మ చెప్పిన పాఠం వల్లిస్తూ తిరుగుతోంది. విలాసిని ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. సజీవన్ ప్రోగ్రాం ఉండే చోట ఖాళీ. దాని బదులు ఒక చీటీ ఉంది. ప్రసీద చదివి చెప్పింది. "మా అనుమతి లేని ప్రోగ్రాం ఒకటి ఇందులో ఉంది, మీ భద్రత కోసం తీసేశాం అంటున్నారు."

కబురందిన పది నిమిషాల్లో సజీవన్ స్కూటరేసుకుని వచ్చాడు. ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించబోతే యంత్రం ఒప్పుకోలేదు. పాత సిస్టమ్‌కి వెనక్కి తీసుకెళ్ళబోయాడు, దానికీ ఒప్పుకోలేదు. ఇంకో కంప్యూటర్లో పెడదామంటే కళ్ళు చదివే కెమెరా ఈ కంపెనీ యంత్రాలకి తప్ప వేరే దేనికీ తగలదు. చివరికి కంపెనీకి ఫోన్ చేశాడు. ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా హిందీలో మాట్లాడింది. ప్రోగ్రాం రాసినవారు అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చంది, ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందంది. ఈలోగా కంపెనీ గొంతు ఉచితంగా వాడుకోవచ్చట. దానికి మలయాళం రాదు.

"ఆయన ఇవాళ మాట్లాడాలమ్మా," అన్నాడు సజీవన్. "మనవరాలికి అక్షరాభ్యాసం. ఆయన గొంతు, ఆయన డబ్బు పెట్టి కొన్న యంత్రం. మధ్యలో మీ అనుమతి ఏమిటి?"

"అర్థమవుతోంది సార్," అంది ఆ అమ్మాయి. "మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

సజీవన్ ఫోన్ పెట్టేసి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాత రికార్డులన్నీ తన దగ్గర భద్రంగా ఉన్నాయి. అయితే ఆ మూడు వేల వాక్యాల్లో 'హరిశ్రీ' లేదు. ఎదురుగా పిల్ల లేకుండా ఆ మాట ఉత్తినే అనకూడదంటూ, రికార్డు చేసిన రోజు మాష్ దాన్ని పలకలేదు. "మీ గొంతు నా దగ్గరే ఉంది మాషే," అన్నాడు. "దాన్ని పలకనిచ్చే యంత్రం లేదు."

విలాసినికి అప్పుడు తట్టింది. నిన్న మధ్యాహ్నమంతా ఆ కళ్ళు తెర మీదికీ తన మీదికీ ఎందుకు తిరిగాయో అప్పుడు తెలిసింది. ఆవిడ ఉన్నచోటే నేల మీద కూలబడింది.

"నిన్న నన్ను ఇదే అడిగారా? ఆపమని?"

మాష్ కళ్ళు మూశారు. ఆయనకి కోపం లేదు. కోపం ఉంటే ఆవిడ భరించేది. ఒక్క వేలు, ఒక్కసారి నొక్కితే సరిపోయేది. నీళ్ళు కావాలా అని అడిగింది, దోమ కుట్టిందా అని అడిగింది, అడగాల్సిన ఒక్క ప్రశ్న తప్ప లోకంలో ఉన్నవన్నీ అడిగింది. పైగా ఆ కాపలావాణ్ణి ఇంట్లో ఉండనివ్వమన్నదీ తనే. పారు చూస్తోందని కూడా లేకుండా విలాసిని తల బాదుకుని ఏడ్చింది. ప్రసీద ఆవిడ చేతులు పట్టుకుంది.

ముహూర్తం దాటిపోతోంది. చివరికి విలాసినే లేచి ముఖం కడుక్కుంది. పారుని మాష్ ఒళ్ళో కూర్చోబెట్టి, చచ్చుబడ్డ ఆయన చేతిని పిల్ల చేతి మీద వేసి, ఆ రెంటినీ తన చేత్తో పట్టుకుంది. బియ్యంలో వేలు ఆనించి, "హరిశ్రీ అను తల్లీ," అంది.

పారు తల అడ్డంగా ఊపింది. "నువ్వు కాదు. ముత్తశ్శన్ చెప్పాలి."

బతిమాలారు, కసిరారు, బెల్లం అటుకులు చూపించారు. పిల్ల తల వెనక్కి వంచి ఆయన నోటినే చూస్తూ కూర్చుంది. ఆ చూపుకి మాష్ ఆగలేకపోయారు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. గొంతు లోపల ఏదో పెనుగులాడింది. రెండేళ్ళుగా మాటన్నది లేని ఆ నోట్లోంచి దగ్గూ మూలుగూ కలిసిన చప్పుడొకటి, చాలాసేపు, వంకరగా వచ్చింది. పక్కగదిలో విన్నవాళ్ళెవరైనా మనిషికి ప్రాణం మీదికి వచ్చిందనుకుంటారు.

పారు శ్రద్ధగా విన్నది. తర్వాత బియ్యంలో వేలు కదుపుతూ, పెదవులు ఆయన పెదవుల్లాగే వంకరగా పెట్టి, ఆ చప్పుడునే అచ్చం అలాగే, అంత సాగదీసి, గట్టిగా పలికింది. సరిగ్గా అన్నానా అన్నట్టు ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. ఎవరూ దిద్దలేదు.