చెట్టు ఎవరికోసం వంగింది

జలంత్రకోటలో కాసులమ్మ ఇంట్లో తెల్లారితే చేసే పనులు మూడు. వాకిలి ఊడవడం, ఆవుకి కుడితి పెట్టడం, కొబ్బరిచెట్టు ఎటు వంగిందో చూసుకోవడం.

తిత్లీ తుఫానుకి వాళ్ళ తోటలో చెట్లన్నీ విరిగి పడిపోతే, పెరట్లో ఉన్న ఈ ఒక్కటీ మాత్రం నేలకి ఆనేదాకా వంగి, గాలి తగ్గాక మెల్లగా లేచి నిలబడింది. అప్పట్నుంచి దానికి వంగడం అలవాటైపోయింది. ఎవరికి దాహం వేస్తే వాళ్ళవైపు వంగుతుంది. గ్యాస్ బండ తెచ్చిన మనిషి గేటు దగ్గర ఆగితే చాలు, తలకాయ అటు దించేస్తుంది. కాసులమ్మ ఒక బొండాం కొట్టి ఇస్తుంది, లేదా చెంబుడు మంచినీళ్ళు. వాళ్ళు తాగగానే చెట్టు మళ్ళీ నిటారుగా లేస్తుంది. ఊళ్ళో దీని గురించి ఎవరూ మాట్లాడుకోరు. మాట్లాడుకోడానికి ఏముంది, చెట్టన్నాక ఏదో ఒక అలవాటు ఉంటుంది.

ఆ చెట్టు ఎప్పుడూ పొరపాటు పడలేదు. పడింది మనుషులే. చెప్తాను వినండి.

కాసులమ్మ కోడలు ప్రమోదిని టెక్కలి పిల్ల. మొగుడు ఉమామహేష్‌ది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉద్యోగం, పొద్దున్న బండి మీద పోయి సాయంత్రం వస్తాడు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి గానీ, ప్రమోదిని తల్లికి కిడ్నీలు పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. అందుకని పురుడు అత్తింట్లోనే పోశారు. ప్రమోదినికి అదొక సిగ్గు. అంతకంటే పెద్ద సిగ్గు, పాప పాలు తాగదు.

ఆకలేసి ఏడుస్తుంది, రొమ్ము అందుకుంటుంది, రెండు గుటకలు వేస్తుంది. అంతే. వదిలేసి, మొహం కందగడ్డ చేసుకుని, వెనక్కి విరుచుకుపడి, పిడికిళ్ళతో తల్లిని నెట్టేస్తుంది. మళ్ళీ పెడితే మళ్ళీ అదే. కన్నబిడ్డే నన్ను వద్దంటోందని ప్రమోదినికి తల కొట్టేసినట్టయ్యేది. ఎవరూ చూడకుండా తలుపేసుకుని, గోడవైపు తిరిగి, వీపు వంచి, పాప మీద చీరచెంగు కప్పేసి కూర్చునేది. బయట ఏప్రిల్ ఉక్క. లోపల ఇద్దరూ చెమటతో తడిసిపోయేవారు.

చూడ్డానికొచ్చే ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"పాలు పడనేదేటే?" అని పక్కింటి లక్ష్మీకాంతమ్మ గుమ్మంలోంచే అడిగేది.

"పడ్డాయి పిన్నీ."

"పడితే ఆ పసిగుంట ఎందుకంత గోల పెడతాది?"

ప్రమోదిని పాప మీద చెంగు సర్దుకునేది. తల దించుకునేది.

ఇరవయ్యొకటో రోజు పాపను ఉయ్యాల్లో వేశారు. ఇల్లంతా చుట్టాలు. గదిలో పది మంది ఆడవాళ్ళ మధ్య పాలివ్వబోతే పాప గుక్కపట్టి ఏడ్చింది. సరిగ్గా అప్పుడే చెట్టు పెంకుల మీదుగా వంగి వచ్చి, ఆ గది కిటికీకి ఆకులు ఆనించి ఆగింది.

"సూసినారా? సెట్టే సెప్తంది," అంది లక్ష్మీకాంతమ్మ. "గుంటకి దాహం. తల్లి కాడ సుక్క నేదు."

అందరూ అవునవునన్నారు. ప్రమోదిని కూడా లోపల అవుననే అనుకుంది. పాపను ఒక చేత్తో పట్టుకుని లేచి కిటికీ మూసేసింది. రెండు ఆకులు రెక్కల మధ్య ఇరుక్కుపోయాయి. ఆ తర్వాత చెట్టు లేవలేదు.

కాసులమ్మ చెడ్డది కాదండీ. తన అత్త తనకి ఏం చేసిందో తనూ కోడలికి అదే చేసింది. పథ్యం కూర, వెల్లుల్లి కారం, వేడన్నం. వాము వేసి కాచిన నీళ్ళు పొద్దున్న అరగ్లాసు, మాపు అరగ్లాసు; ఉయ్యాల నాడు చుట్టాల హడావిడిలో అదీ అందలేదు. "బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు నీరు పడతాది, గుంటకి రొంప సేత్తాది," అనేది.

ప్రమోదిని ఎదురు చెప్పలేదు. దాహం దాచుకోవడం ఆమెకి ఇంటర్ చదివే రోజుల్నుంచే వచ్చు. కిడ్నీల జబ్బని డాక్టరు ఆమె తల్లిని రోజుకి కొలిచి రెండు గ్లాసులే తాగమన్నాడు. అమ్మ నాలుక పిడచకట్టుకుని కూర్చుంటే, ఆవిడ ముందు గటగటా తాగడానికి కూతురికి సిగ్గేసేది. పెరట్లో కుళాయి దగ్గర దొంగలా తాగి, మూతి తుడుచుకుని లోపలికొచ్చేది. రానురాను దాహం వేసినా వేసినట్టు తెలియడం మానేసింది.

చెట్టు వంగి తొమ్మిది రోజులైనా పాప పేచీ తగ్గలేదు. కాసులమ్మ కొడుకుని కూర్చోబెట్టి చెప్పింది. "నాగసుధ కాడికి పంపీదాం. దానికి పాలకి కరువు నేదు. మూడు నెల్లు అక్కడుంటే గుంట తేరుకుంటాది."

నాగసుధ కాసులమ్మ పెద్దకూతురు. నిమ్మాడలో ఇచ్చారు, చంకలో ఎనిమిది నెలల కొడుకు. ఉమామహేష్ తలూపాడు. ప్రమోదినిని ఎవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్తుంది?

శుక్రవారం పదింటికి నాగసుధ ఆటోలో వచ్చింది. "ఎల్లీముందు ఒక్కపాలి నువ్వే పట్టి సూడు పిల్లా," అంది. ప్రమోదిని పట్టి చూసింది. పాప రెండు గుటకలు వేసి, తల్లిని తన్ని, కెవ్వుమంది. నాగసుధ చూడనట్టు మొహం తిప్పేసుకుంది. అలా తిప్పుకోవడమే ప్రమోదినికి ఎక్కువ బాధనిపించింది. తనే పాపను తీసి ఆడపడుచు చేతుల్లో పెట్టింది.

"నా వల్ల కాలేదు వదినా. నువ్వైనా బతికించు," అంది.

ఆటో కదిలింది. పాప ఏడుపు వీధి మలుపుదాకా వినిపించింది. కాసులమ్మ కళ్ళు తుడుచుకుంటూ అలవాటుగా చెట్టువైపు చూసింది. గుంట ఆటోలో వెళ్ళిపోయింది కాబట్టి చెట్టు రోడ్డువైపు తిరగాలి కదా. తిరగలేదు. ఇంకా కిందికి వంగి, కిటికీ రెక్కల్ని తోసుకుని, మెడదాకా గదిలో దూరిపోయింది.

కాసులమ్మ పరుగున లోపలికెళ్ళింది. మంచం మీద ప్రమోదిని, ఆమె ఒళ్ళో బొండాల గెల.

"ఓలమ్మో! దాహం నీకేటే?"

"లేదత్తా."

చెట్టు ఇంకో జానెడు ముందుకొచ్చింది.

"నిజం సెప్పు."

"లేదత్తా," అంది ప్రమోదిని మళ్ళీ. పెదాలు పగిలి అంటుకుపోయి, ఆ మాట కూడా సరిగా రాలేదు.

కాసులమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. కత్తి తెచ్చి బొండాం కొట్టింది. ప్రమోదిని మొదట మర్యాదకి ఒక గుక్క తాగింది. తర్వాత ఆగలేకపోయింది. గడ్డం మీంచి కారిపోతున్నా తుడుచుకోలేదు. నాలుగు బొండాలు తాగి, ఐదోది పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నాను సంపీసినానే నిన్ను," అంది కాసులమ్మ. "సెట్టుకి తెలిసింది, నాకు తెలీనేదు. నా పెరట్లోని సెట్టు ఇన్ని రోజులు ఒంగుంటే, దాహం బిడ్డకనీ, నీకు పాల్లేవనీ ఊరంతా సెప్పుకున్నాను." కోడలి మొహం చూడలేక చెంగు కప్పేసుకుంది. ఆ చెంగులోంచే కూతురికి ఫోన్ చేసింది. "ఆటో తిప్పీమను. గుంటని తెచ్చీ."

చెట్టు గదిలోంచి వెనక్కి జరిగి పెరట్లో అడ్డంగా పడుకుంది. ఆటో తిరిగి రాగానే ప్రమోదిని దాని మానుకి వీపు ఆనించి, వెనక్కి వాలి, పాపను గుండె మీద బోర్లా వేసుకుంది. గోడ మీంచి లక్ష్మీకాంతమ్మ తొంగిచూసింది. పాప నోరు పెట్టింది, వదిలేసింది, కాలు ఝాడించింది. ప్రమోదిని చెవులు ఎర్రబడ్డాయి, చెయ్యి చెంగు మీదికి పోయింది.

"కప్పకు. సెంగు కింద గుంటకి ఊపిరాడదు. గాలాడనీ," అంది కాసులమ్మ. గోడవైపు తిరిగి, "నీకు ఇంట్లో పనేటీ నేదేటి లక్ష్మీకాంతం?" అంది.

పాప మళ్ళీ అందుకుంది. రెండు గుటకలు, మూడు, నాలుగు. పాప వదల్లేదు. పిడికిళ్ళు ఒక్కో వేలే విచ్చుకున్నాయి. నాగసుధ గొంతు తగ్గించి, "తాగుతందే అమ్మా," అంది. పాప కడుపారా తాగి, నోరు తెరుచుకునే నిద్రపోయింది. ప్రమోదిని సర్దుకుని కూర్చున్నాక, చెట్టు జాగ్రత్తగా లేచి నిలబడింది.

కాసేపటికి నాగసుధ ఆటో ఎక్కబోతూ చెప్పులు వేసుకుంటోంది. లక్ష్మీకాంతమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది. ప్రమోదిని గొంతు మళ్ళీ ఎండింది. పైన ఆకులు గలగలమన్నాయి, చెట్టు మెల్లగా ఇటు వంగబోయింది.

ప్రమోదిని తలెత్తి దాన్ని చూసింది. "నువ్వుండు," అంది.

తర్వాత అందరికీ వినపడేలా, "అత్తా, దాహమేస్తోంది, నీళ్ళియ్యి!" అని కేకేసింది.