నాలుగు వేళ్ల ఎడం

శుక్రవారం కూలిపోయిన విమానం మంగళవారం ఉదయం తిరిగివచ్చి, రెక్కల గుడ్డ విప్పి, విమానాలు నిలిపే హ్యాంగర్‌లో తాడుమీద ఆరేసుకుంటోంది. ఫిట్టర్ ఏసురత్నం ఆశ్చర్యపోడు. తడిసిన గుడ్డ ఆరవలసిందే. అందులో విడ్డూరమేమీ లేదు.

యుద్ధం ముగిశాక తయారైన, ఇద్దరు పట్టే చిన్న మిలటరీ విమానమది. శిబిరాల మధ్య ఉత్తరాలనూ అధికారులనూ మోస్తుంది. దాని రెక్కల బద్దలమీద నారగుడ్డ పరిచి, రెండేసి వేళ్ల ఎడంతో కుట్టి, పైన బిగుసుకునే పూత పూస్తారు. అధికారులు తొందరపెట్టారని రత్నం నాలుగేసి వేళ్ల ఎడంతో కుట్టాడు. పూత కింద కుట్లు కనిపించవు. ‘సరిచూశాను’ అని సంతకం చేశాడు. గాలిలో ఎడమ రెక్క గుడ్డ లేచిపోయింది. దాన్ని నడుపుతున్న కెప్టెన్ సుందరశివం మరణించాడు.

అతని భార్య సరళమ్మ ఆ గుడ్డ అంచును వేళ్లతో కొలుస్తోంది.

“రత్నం అన్నా, ఇది నీ కుట్టేనా? మా పాప బొమ్మ గౌనుక్కూడా ఇంతకంటే దగ్గరగా కుడుతుంది.”

“నాదేనమ్మా.”

“పన్నెండింటికి మా ఆయన పొరపాటని రాసేస్తారంట. పోయి చెప్పు. నేను చెబితే పెళ్లాం మాటంటారు.”

విచారణ జరిపే మేజరు బల్ల హ్యాంగర్ చివర ఉంది. రత్నం పది అడుగులు వేస్తే హ్యాంగర్ పదిహేను అడుగులు పెరుగుతోంది. మళ్లీ కొలుస్తాడు, ఫలితం మారదు. కనుక వెనక్కి తిరిగి, బల్లకు దూరంగా నడుస్తాడు. పన్నెండుకు రెండు నిమిషాలుండగా వీపుకు బల్ల తగులుతుంది.

“తప్పు నాది సార్. కుట్లు ఎడంగా వేశాను, సరిచూడలేదు.”

“ఏందయ్యా, ఇప్పుడా చెప్పేది? సరిచూశానని సంతకం పెట్టావుగా?”

“అది అబద్ధం సార్.”

“అబద్ధాలకోరువని నువ్వే అంటివి. మరి నీ మాట ఎట్లా రాసుకోమంటావు? కెప్టెన్ని కూడా అడిగాం. కాదనలేదు.”

“ఆయన చనిపోయారు సార్!”

“అయినా మర్యాద తప్పలేదు. నిన్ను పల్లెత్తు మాటనలేదు.”

మేజరు ముద్ర వేస్తాడు. దానికి చప్పుడు లేదు.

రత్నం బయటికి వస్తాడు. తప్పు రుజువైన పైలట్ దిగడానికి నిబంధనలు ఒప్పుకోవు గనుక, సిపాయిలు రన్‌వేను చాపలా చుట్టి భుజాలకెత్తుకుంటున్నారు. దాని కింద నేల లేదు.

“ఏమన్నారు?” అంటుంది సరళమ్మ. ఆమె రత్నాన్ని చూడటం లేదు, పైకి చూస్తోంది.

అక్కడ సుందరశివం విమానం లేకుండానే, కూర్చున్న భంగిమలోనే, చక్కర్లు కొడుతున్నాడు. ప్రతి చుట్టుకూ కాస్త కిందికి వస్తున్నాడు. ఒక బూటు విప్పి ఒళ్లో పెట్టుకుని, ఆ పాదం చాచి, నేల కోసం మెల్లగా తడుముతున్నాడు.