ఠాణాకొచ్చిన పెళ్లికొడుకు

ఫ్యాక్టరీల మధ్యనున్న ఆ చిన్న పోలీస్ స్టేషన్‌ను చుట్టుపక్కల అందరూ ఉత్త ఠాణా అనే అంటారు. హెడ్ కానిస్టేబుల్ నర్సింహులు ఆ ఠాణాకు తిరిగొచ్చి రెండు నెలలయింది. వచ్చిన రోజు గేటు దగ్గర ఒక నిమిషం ఆగి, బూట్ల దుమ్ము దులుపుకున్నట్టు నటించి, అప్పుడు లోపలికి అడుగుపెట్టాడు.

ఎనిమిదేళ్ల కిందట, ఆయన సెంట్రీ డ్యూటీలో ఉన్న ఒక మధ్యాహ్నం, లక్డారం నుంచి లింగం అనే కాంట్రాక్టు కార్మికుణ్ని తెచ్చారు. ఫ్యాక్టరీలో మోటారు పోయింది, అతని మీద అనుమానం. అప్పటి ఎస్సై హరినాథ్ అతణ్ని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకున్నాడు. పొద్దుగూకేసరికి లింగం ప్రాణాలతో లేడు. మెట్ల మీంచి జారిపడ్డాడని రాయమన్నారు. నర్సింహులు రాయలేదు. కోర్టులో బోనెక్కి, తలుపు ఇవతల తాను విన్నదంతా విన్నట్టే చెప్పాడు. కేసు ఏడేళ్లు నడిచింది. నిరుడు తీర్పు వచ్చింది. అది హత్యేనని తేలింది. హరినాథ్‌కు యావజ్జీవం పడింది.

ఆ ఏడేళ్లూ నర్సింహులును జోగిపేట వైపు పంపేశారు. తనవాడి మీద సాక్ష్యం చెప్పిన మనిషని డిపార్టుమెంటులో ఎవరూ ఆయన పక్కన కూర్చుని చాయ్ తాగేవారు కాదు. పదేళ్లు ఒకే గదిలో ఉండి, ఒకే టిఫిన్‌లో తిన్న చంద్రకాంత్ కూడా మాట్లాడటం మానేశాడు. దావతులకు పిలుపులు ఆగిపోయాయి. నర్సింహులు ఎవరినీ ఏమీ అనలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం మనుషులు గుర్తొచ్చేవారు.

తీర్పు తర్వాత పెద్దాఫీసర్లు ఠాణాలో చాలా మార్చారు. ప్రతి గదిలో కెమెరా పెట్టారు. గేటు పక్కన గోడకు, పట్టుకొచ్చిన మనిషికి ఉండే హక్కులన్నీ నంబర్లు వేసి పెద్దక్షరాలతో రాయించారు. కొత్తగా ఒక డ్యూటీ పుట్టించారు. ఠాణాలోకి తెచ్చిన మనిషి గేటు దాటిన క్షణం నుంచి తిరిగి బయటికి పోయేదాకా ఆ డ్యూటీలో ఉన్నవాడిదే బాధ్యత. ఎందుకు తెచ్చారో కాగితం లేనిదే లోపలికి పంపకూడదు. ఇంటివాళ్లకు ఫోన్ చేయాలి. ఈ సంగతిలో ఎస్సై మాట కూడా చెల్లదు. కాదనుకుంటే సీఐతో మాట్లాడుకోవాలి.

ఆ డ్యూటీకి సీఐ శ్రీలత నర్సింహులునే అడిగింది. "ఇష్టం లేకుంటే చెప్పండి. కానీ నేను ఇంకో పేరు రాసుకోలే" అంది ఫోన్‌లో.

ఆయన ఒప్పుకున్నాడు. కానీ లోపల ఒక ముల్లు ఉండనే ఉంది. సాక్ష్యమైతే చెప్పాడు గానీ, ఆ మధ్యాహ్నం తలుపు మాత్రం తీయలేదు. చేతిలో తుపాకీ పట్టుకుని, చెవులతో వింటూ నిలబడ్డాడు. లింగం తల్లి రాజవ్వ ఎక్కడ ఎదురుపడినా ఆయన చూపు నేల మీదికే పోయేది.

అలాంటి రాజవ్వ పోయిన మంగళవారం సాయంత్రం తనంతట తానే ఠాణాకు వచ్చింది. పసుపు పూసిన కార్డు ఒకటి ఆయన టేబుల్ మీద పెట్టి, "నా బిడ్డ తనుశ్రీ లగ్గం. ఆదివారం. రావాలె" అంది. నర్సింహులు కార్డునే చూస్తూ తలూపాడు. ఆమె వెళ్లిపోయాక, ఆదివారం డ్యూటీ ఎవరికని అడిగి, తనకే వేయించుకున్నాడు.

ఆ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు జీపు వచ్చి ఆగింది. అందులోంచి ముందు ఎస్సై ప్రవీణ్‌కుమార్ దిగాడు. ఇరవై ఏడేళ్లవాడు, ఉద్యోగంలో కొత్త, ప్రతి పనీ నిన్ననే అయిపోయి ఉండాల్సిందన్నంత తొందర. ఆయన వెనక దిగిన మనిషిని చూసి నర్సింహులు కుర్చీలోంచి లేచాడు. ఆ మనిషి పట్టుపంచె కట్టి, నుదుట నిలువు బొట్టు, బుగ్గన నల్ల చుక్క, అరిచేతుల్లో కొబ్బరి బోండాం పట్టుకుని ఉన్నాడు.

"ఇదేంది సార్?" అన్నాడు నర్సింహులు.

"రాగి తీగ దొంగతనం కేసు. ఫ్యాక్టరీ సెక్యూరిటీవాళ్లు ఆరు పేర్లిచ్చిండ్రు. ఇతను కళ్యాణ్, అందులో ఒకడు. చెకింగ్‌లో దొరికిండు. పది నిమిషాలు అడిగి పంపిస్తా. లోపలి గది తెరువుండ్రి."

"కాగితం సార్?"

"ఏం కాగితం?"

"ఎందుకు తెచ్చిండ్రో రాసిన కాగితం. అది లేనిది నేను తెరువ."

ప్రవీణ్‌కుమార్ ముఖం ఎర్రబడింది. అప్పుడు పెళ్లికొడుకు చాలా మర్యాదగా, "నాలుగో నంబరండి. మీ గేటు దగ్గర గోడ మీదే రాసుంది. మూడోది మా ఇంటికి ఫోన్ చేయడం" అన్నాడు.

మూలన బల్ల దగ్గర రాసుకుంటున్న చంద్రకాంత్ దగ్గు వచ్చినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాపుకుంటున్నాడని నర్సింహులుకు తెలిసింది.

"ఎవరి పిల్ల బాబూ?" అని అడిగాడు నర్సింహులు, కుర్చీ చూపిస్తూ.

"లక్డారం రాజవ్వగారి అమ్మాయండి. తనుశ్రీ. నేనూ తనూ ఒకే లైన్‌లో ప్యాకింగ్ చేస్తాం. ముహూర్తం పదకొండు నలభై రెండుకి."

మంగళవారం రాజవ్వ కార్డిచ్చింది ఈ పెళ్లికేనని నర్సింహులుకు అర్థమైంది. కళ్యాణ్‌ను కెమెరా ఎదురుగా కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, వాళ్ల అమ్మ నాగరత్నం నంబరు అడిగి ఫోన్ చేశాడు. తర్వాత ఎస్సై వైపు తిరిగి, "సార్, ఫిర్యాదు తెప్పించుండ్రి. అది సూడకుంట ఈ పిల్లగాణ్ని ఒక్క మాట అడిగేది లేదు. సీఐ మేడంకు నేను చెప్పాల్నా, మీరు చెప్తరా?" అన్నాడు.

ప్రవీణ్‌కుమార్ ఆయన్ను కాసేపు తేరిపార చూశాడు. తర్వాత, అలవాటు లేని పని చేస్తున్నవాడిలా, ఫ్యాక్టరీకి ఫోన్ కలిపాడు.

ఆ కాగితం రాకముందే పెళ్లివారు వచ్చారు. ముందు రెండు ఆటోలు, వెనక పూలు కట్టిన కారు, ఆ వెనక ట్రాలీలో డప్పులవాళ్లు. నాగరత్నం కారు దిగి, "ఏమండీ, మా వాడు చీమను తొక్కడానిక్కూడా ఆలోచిస్తాడండీ. వాడికి తీగెందుకండీ? మా ఇంట్లో బట్టలారేసుకునే తీగే మూడేళ్లుగా తెగిపోయి ఉంది" అంటూ నేరుగా లోపలికి వచ్చేసింది. రాజవ్వ మాత్రం గేటు దగ్గరే ఆగిపోయింది. పట్టుచీర కొంగు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మంగళవారం గడప దాటి వచ్చిన మనిషి, ఈ రోజు దాటలేకపోతోంది.

నర్సింహులు బయటికి నడిచాడు.

"పది నిమిషాలన్నరట గద" అంది రాజవ్వ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "నా కొడుకును గూడ పది నిమిషాలనే తీస్కపోయిండ్రు."

"అక్కా, నువ్వు లోపటికి రా. నీ కండ్లతోని సూడు. ఏ తలుపూ ఏసి లేదు. నువ్వు ఉండమన్నంతసేపు నేను నీ అల్లుని పక్కనే ఉంట."

ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి ఆయన ఆమె ముఖంలోకి చూసి మాట్లాడాడు. ఆమె గేటు దాటింది. లోపల కళ్యాణ్ కాళ్లు బారజాపి, సాసర్‌లో పోసుకుని చాయ్ తాగుతున్నాడు. అత్తగారిని చూసి గబుక్కున కాళ్లు ముడుచుకున్నాడు. రాజవ్వ వెళ్లి అతని చెంపలు, భుజాలు, చేతులు తడిమి చూసింది. ఎక్కడా ఏమీ లేదు. బుగ్గన చుక్క కూడా చెరగలేదు. ఆమె పక్క కుర్చీలో కూలబడి గట్టిగా ఊపిరి వదిలింది.

పది దాటి పది నిమిషాలకు ఫ్యాక్టరీ నుంచి మనిషి ఫిర్యాదు తెచ్చాడు. నర్సింహులు అందరికీ వినిపించేలా చదివాడు. పోయిన మంగళవారం సాయంత్రం ఐదు నుంచి ఆరు లోపల, గోడౌన్ వెనక నుంచి రాగి తీగ చుట్టలు పోయాయి. ఆ వారం సెలవులో ఉన్న ఆరుగురి మీద అనుమానం.

"సెలవు పెట్టింది పెళ్లికండీ" అన్నాడు కళ్యాణ్. తర్వాత ఏదో తట్టినట్టు ఆగాడు. "మంగళవారం సాయంత్రమా? ఐదింటికా?"

"అవు. ఎక్కడున్నవ్?" అన్నాడు ప్రవీణ్‌కుమార్.

"ఇక్కడేనండి."

"ఇక్కడ అంటే?"

"ఈ స్టేషన్‌లోనే. అత్తయ్యగారు లోపల కార్డు ఇవ్వడానికొచ్చారు. నేను గేటు దగ్గరున్నాను. తిరిగొచ్చి, ఈ గోడ మీద ఏం రాశారో మొత్తం చదవమన్నారు. చదివాను. అర్థం కాలేదని మళ్లీ చదివించారు."

"రెండు సార్లు కాదు, మూడు సార్లు" అంది రాజవ్వ. "నాకు సదువు రాదు. ఏం రాసిండ్రో ఎరుక కావాలె గద."

అప్పుడు మూల నుంచి చంద్రకాంత్ లేచాడు. నర్సింహులు వైపు చూసి, ఎనిమిదేళ్లలో మొదటి మాట అన్నాడు. "గేటు కెమెరా. మంగళవారం ఐదు గంటలది. నేను తీస్త ఆగు."

అందరూ కంప్యూటర్ చుట్టూ మూగారు. తెర మీద గేటు, గోడ, సాయంకాలపు ఎండ. ఐదూ పదికి మోటర్‌సైకిల్ వచ్చి ఆగింది. రాజవ్వ లోపలికి పోయింది, తిరిగొచ్చింది. తర్వాత కళ్యాణ్ హెల్మెట్ చంకలో పెట్టుకుని, పంతులు ముందు పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, గోడ మీద అక్షరం అక్షరం వేలు పెట్టి చదువుతున్నాడు. పక్కన రాజవ్వ ఒక్కో నంబరుకు ఒక వేలు ముడుస్తోంది. ఐదూ యాభై ఐదయింది. ఇంకా చదువుతూనే ఉన్నాడు.

ముందు నవ్వింది నాగరత్నం. "ఇంట్లో పేపరు చదవమంటే కళ్లు నొప్పులంటాడండీ" అంది. దాంతో ఠాణావాళ్లకూ నవ్వు ఆగలేదు. చంద్రకాంత్ బల్ల పట్టుకుని నవ్వాడు. ప్రవీణ్‌కుమార్ కూడా నవ్వి, వెంటనే తల దించుకున్నాడు. సీఐకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతల నుంచి వచ్చిన మాటలన్నీ నిలబడి విన్నాడు. ఫోన్ పెట్టేసి రాజవ్వ ముందుకు వచ్చాడు.

"అమ్మా, తప్పు నాది. అడగకుంట, సూడకుంట తెచ్చిన. నోటీసు ఇచ్చి పిలవాల్సింది. అది రాసి సంతకం పెడుతున్న. మీరు ఈ సంగతి పైన చెప్పుకుంటానన్నా నేనేం అనుకోను."

రాజవ్వ అతణ్ని కింది నుంచి పై దాకా చూసింది. "ముందుగాల రాయి. సంతకం పెట్టు. తర్వాత బువ్వ తినటానికి రా" అంది.

టైము పదకొండు దాటింది. కళ్యాణ్‌ను కారెక్కించారు. డప్పులవాళ్లు ఠాణా ముందే వాయించడం మొదలుపెట్టారు. వద్దనాలో అక్కర్లేదో తెలియక సెంట్రీ నర్సింహులు వైపు చూశాడు. నర్సింహులు చూడనట్టు ఊరుకున్నాడు.

రాజవ్వ ఇంకా అక్కడే ఉంది. "నువ్వు రావా?"

"డ్యూటీ ఉన్నది అక్కా."

"ఏయించుకున్నవట గద డ్యూటీ. గా సెంట్రీ పిల్లగాడు చెప్పిండు."

నర్సింహులు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆ దినం నేను తలుపు తియ్యలే అక్కా. బయట నిలవడ్డ. విన్న. తియ్యలే."

"ఎరుకే. కోర్టుల నువ్వే చెప్పినవ్, వకీలు అడగక ముందుగాలనే. నేను వెనుక బెంచీ మీద కూసున్న." రాజవ్వ కొంగుతో మెడ తుడుచుకుంది. "అప్పటి సంది నీ మీద కోపమున్న దినాలున్నయి, లేని దినాలున్నయి. అబద్ధమెందుకు. ఇయ్యాల లేదు. పా, టైమైతున్నది."

వెనక నుంచి ప్రవీణ్‌కుమార్ గొంతు వినిపించింది. "నర్సింహులు గారూ, మీ డ్యూటీ మూడింటిదాక చంద్రకాంత్‌కు రాయుండ్రి. మేడం సరే అన్నరు."

"నాకెందుకు సార్?" అన్నాడు చంద్రకాంత్. "నేను గూడ పోత. ఆకలైతున్నది."

చివరికి ఆ డ్యూటీ వేరే హెడ్ కానిస్టేబుల్‌కు రాసి, ఇద్దరూ చంద్రకాంత్ స్కూటర్ మీద బయల్దేరారు. లారీల మధ్య, మట్టి రోడ్డు గుంతల్లో, చంద్రకాంత్ ఏదో చెబుతూనే ఉన్నాడు. గాలికి సగం మాటలే వినిపించాయి. మోకాళ్ల నొప్పి గురించి, మనవడి గురించి. మధ్యలో ఒకసారి, "నేను రావాల్సింది రా నీ దగ్గరికి. భయపడ్డ" అన్నాడు. నర్సింహులు ముందుకు వంగి అతని భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి లక్డారం దాకా అక్కడే ఉంది.

జీలకర్ర బెల్లం ముహూర్తానికి నాలుగు నిమిషాల ముందు కళ్యాణ్ పీటల మీద కూర్చున్నాడు. తెర అవతల నుంచి తనుశ్రీ, "ఏ నంబరు దాక సదివినవ్?" అని అడిగిందని, అతను "పదకొండు" అన్నాడని, పురోహితుడు మంత్రం మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టాడని తర్వాత ఊరంతా చెప్పుకున్నారు.

బంతి భోజనాల్లో నర్సింహులుకు ఒక పక్కన చంద్రకాంత్, ఇంకో పక్కన నాగరత్నం తమ్ముడు కూర్చున్నారు. నాగరత్నం స్వయంగా వచ్చి, "మా వైపు పులిహోర ఇది. ఇది తినకుండా లేస్తే మీ మీద నేనే కేసు పెడతానండీ" అని రెండు గరిటెలు వడ్డించింది. ఇంతమంది మధ్య కూర్చుని తిని ఎన్నేళ్లయిందో ఆయన లెక్కపెట్టలేదు. మూడోసారి పప్పు అడిగి వేయించుకున్నాడు. ప్రవీణ్‌కుమార్ మామూలు చొక్కాలో వచ్చి, వరస చివర బెరుగ్గా కూర్చున్నాడు. ఎవరో అతని విస్తట్లో కూడా లడ్డూ వేశారు.

తిని లేచి చేయి కడుక్కుంటుంటే రాజవ్వ వచ్చింది. చెమటతో, కొప్పు ఊడిపోయి, డప్పుల దగ్గర ఎగిరి వచ్చినట్టుంది. కొడుకు పోయాక ఆమె నవ్వు ఎవరూ చూడలేదని ఊళ్లో అంటారు. ఇప్పుడు ముఖమంతా అదే ఉంది.

"సారూ, గా కాయితంల ఆరు పేర్లుండె గద. తక్కిన ఐదుగురి సంగతేంది?"

"రేపు పదింటికి నోటీసులు ఇస్తం అక్కా. టైమిచ్చి, పిలిచి అడుగుతం."

"పదింటికేనా?"

"పదింటికే."

"అయితే నేనొస్త. అల్లున్ని గూడ పట్టుకొస్త, సదవటానికి" అని చెప్పి, నాగరత్నం చేయి పట్టుకుని రాజవ్వ మళ్లీ డప్పుల వైపు పరుగెత్తింది.